మార్చి 12 ఉన్న పే పీరియడ్: ప్రభుత్వోద్యోగాల సర్వే నింపే కొత్తవారికి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. అమెరికాలో ఒక చిన్న నగర ప్రభుత్వ కార్యాలయంలో పే రోల్ చూసే ఉద్యోగంలో కొత్తగా చేరారు. రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులు, వేతనాల మీద జనాభా లెక్కలు తీసే కేంద్ర సంస్థ సెన్సస్ బ్యూరో ఏటా చేసే సర్వే మీ చేతికి వచ్చింది. పే రోల్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే మార్చి నెల మొత్తాలను ఎత్తి రాస్తే చాలదా, మీకు ముందున్నవారు పోయినేడాది పంపిన అంకెలతో మీ అంకెలు ఎందుకు పొసగడం లేదు, చట్టప్రకారం తప్పనిసరి కాని దీని మీద రెండు రోజులు పెట్టాలా అన్నవి మీ మూడు సందేహాలు. నేను పద్దెనిమిదేళ్లుగా రెండు నగరాల్లోనూ ఒక కౌంటీలోనూ (మన జిల్లా లాంటిది) ఈ లెక్క కట్టి పంపుతూ వచ్చాను కనుక, అనుభవంలో తేలిన సంగతులు కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు నెల మొత్తం సంగతి. ఈ సర్వే మార్చి నెలలో ఎంత ఖర్చయిందని అడగదు. మార్చి 12వ తేదీ ఏ పే పీరియడ్‌లో, అంటే ఒక జీతానికి లెక్కగట్టే పని రోజుల వ్యవధిలో, పడుతుందో ఆ ఒక్క పే పీరియడ్‌లో ఎవరు పనిచేశారు, వాళ్లకు ఎంత వేతనం లెక్కకు వచ్చింది అని మాత్రమే అడుగుతుంది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు, ఎందుకంటే మన సాఫ్ట్‌వేర్లు రిపోర్టులన్నింటినీ చెల్లింపు తేదీ ప్రకారం ఇస్తాయి, సర్వేకు కావలసింది పని జరిగిన తేదీలు. 2025నే తీసుకుంటే, రెండు వారాలకోసారి జీతమిచ్చే నగరంలో పే పీరియడ్ మార్చి 2 ఆదివారం మొదలై 15 శనివారం ముగిసి, చెక్కు 21వ తేదీ శుక్రవారం చేతికి వచ్చిందనుకోండి. మీకు కావలసింది 21న వెళ్లిన ఆ చెల్లింపు. 7వ తేదీ శుక్రవారం వెళ్లినది ఫిబ్రవరి చివరి రెండు వారాల పనికి సంబంధించినది. రిపోర్టు తీసేటప్పుడు మార్చి 1 నుంచి 31 వరకు అని తేదీలు ఇస్తే ఆ రెండు చెల్లింపులూ కలిసిపోయి, మనుషుల సంఖ్య సరిగ్గానే కనిపిస్తూ డబ్బు మాత్రం రెట్టింపవుతుంది. మనుషుల సంఖ్య సరిపోయింది కదా అన్న ధైర్యంతో దాన్ని అలాగే పంపేసిన ఫారాలను నేను చూశాను.

ఈ 12వ తేదీ మీకు కొత్తదేమీ కాదు. మీరు మూడు నెలలకోసారి కేంద్ర పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు పంపే 941 ఫారంలో (జీతాల మీద పన్నుల రిటర్ను) మొదటి గడి చూడండి. మార్చి 12, జూన్ 12, సెప్టెంబరు 12, డిసెంబరు 12 తేదీలున్న పే పీరియడ్లలో ఎంతమందికి వేతనం ఇచ్చారని అది అడుగుతుంది. కార్మిక గణాంకాల బ్యూరో ప్రతినెలా ఉద్యోగాల లెక్క తీసేదీ నెలలో 12వ తేదీ ఉన్న పే పీరియడ్‌కే. అందువల్ల సర్వే పూర్తయ్యాక మీరు చేయగలిగిన మొదటి సరిచూపు ఇది: ఫుల్‌టైం, పార్ట్‌టైం కలిపి మీకు వచ్చిన మొత్తం మనుషుల సంఖ్యను మొదటి త్రైమాసికపు 941 మొదటి గడిలోని సంఖ్య పక్కన పెట్టండి. రెండూ కలవకపోతే ఎక్కడో ఒక మనిషి తప్పిపోయాడు, లేదా ఒకే మనిషి రెండుసార్లు పడ్డాడు. కారణం దొరికే దాకా ఫారం పంపకండి.

తరువాత, జీతం ఎన్ని రోజులకోసారి ఇస్తారన్న ప్రశ్న ఉంటుంది: వారానికా, రెండు వారాలకా, నెలకు రెండుసార్లా, నెలకోసారా అని. చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న మీ అంకెలన్నింటినీ ఎటైనా తిప్పగలదు. వేర్వేరు వ్యవధుల్లో జీతాలిచ్చే వేలాది ప్రభుత్వాలను ఒక్క కొలతకు తేవడానికి సెన్సస్ బ్యూరో మీరిచ్చిన మొత్తాన్ని మార్చి నెల 31 రోజులకు సరిపడేలా మారుస్తుంది. రెండు వారాల వేతనం 1,00,000 డాలర్లయితే, దాన్ని 14తో భాగించి 31తో గుణిస్తే నెలకు సుమారు 2,21,429 డాలర్లవుతుంది. మీరు రెండు వారాల మొత్తం రాసి, పొరపాటున నెలకోసారి అన్న గడి ఎంచుకున్నారంటే, మీ నగర ఉద్యోగులు ఆ ఏటికి సగం కంటే తక్కువ జీతానికి పనిచేసినట్లు లెక్కకెక్కుతారు. అందుకే మీరు ముందుగా మూడు పే పీరియడ్లు, రెండు పే పీరియడ్లు అంటూ కూడి నెలకు మార్చడం వంటివి చేయవద్దు. ఒక పీరియడ్ మొత్తం ఉన్నదున్నట్లు ఇవ్వండి, మార్చే పని వాళ్లది. సిబ్బందికి రెండు వారాలకోసారి, కౌన్సిల్ సభ్యులకు నెలకోసారి ఇచ్చే నగరాలు చాలా ఉన్నాయి. మీదీ అలాంటిదే అయితే ఆ రెండింటినీ ఒక మొత్తంగా కలపకుండా విడివిడిగా చూపాలి.

రాయవలసింది స్థూల వేతనం. ఆదాయపు పన్ను, సోషల్ సెక్యూరిటీ, పింఛను చందా, ఆరోగ్య బీమాకు ఉద్యోగి వాటా, ఇవన్నీ కోయకముందు ఉన్న మొత్తం అది. ఓవర్‌టైం, బోనసు అందులోకి వస్తాయి. పింఛనుకూ బీమాకూ నగరం తన వైపు నుంచి కట్టే వాటా రాదు. మా దగ్గర ఒక ఏడు కొత్త వేతన ఒప్పందం కుదిరి, ఏడు నెలల బకాయి సరిగ్గా ఆ పే పీరియడ్‌లోనే పడింది. అంకెను దాచకుండా, దిద్దకుండా, రిమార్క్స్ గడిలో ఎంత మొత్తం ఎందుకు పెరిగిందో రెండు వాక్యాల్లో రాశాను. మీకూ అలాంటిది వస్తే అదే చేయండి.

ఇక మనుషుల సంగతి. ఆ పే పీరియడ్‌కు నగరం నుంచి వేతనం పొందిన ప్రతి ఉద్యోగీ లెక్కలోకి వస్తారు. జీతంతో కూడిన సెలవులో ఉన్నవారు వస్తారు, జీతం లేని సెలవులో ఉన్నవారు రారు. జీతం తీసుకునే మేయరు, సమావేశానికి ఇంతని పారితోషికం తీసుకునే బోర్డు సభ్యులు వస్తారు. ఏమీ తీసుకోకుండా సేవచేసే సభ్యులు రారు. పింఛనుదారులు రారు. కాంట్రాక్టరు పంపిన మనుషులు రారు, వాళ్లు మీ భవనంలోనే రోజంతా పనిచేస్తున్నా సరే. ఈ చివరిది మనసుకు కాస్త కష్టంగా ఉంటుంది. చెత్త సేకరణను ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించిన నగరంలో పారిశుద్ధ్యం కింద సున్నా పడుతుంది, పక్క నగరంలో ఇరవై మంది కనిపిస్తారు, నిజానికి రెండు చోట్లా వీధులు ఊడ్చేది మనుషులే. కానీ ఈ సర్వే కొలిచేది ఊళ్లో జరిగే పనిని కాదు, ప్రభుత్వం ఎవరికి యజమానిగా ఉందన్న విషయాన్ని. ఈ అంకెలు పట్టుకుని రెండు ఊళ్లను పోల్చేవాళ్లు ఆ తేడాను గుర్తుంచుకోవాలి, మీ కౌన్సిల్‌కు చూపేటప్పుడు మీరు కూడా చెప్పాలి.

వేసవిలో ఈతకొలనుల దగ్గర పనిచేసే లైఫ్‌గార్డులను ఎక్కడ చూపాలని కూడా మీరు రాశారు. వాళ్లను చూపకూడదు. మార్చి 12 ఉన్న పే పీరియడ్‌లో మీ పే రోల్‌లో లేనివారు ఈ లెక్కలో లేరు. ఒకప్పుడు ఈ సర్వే అక్టోబరు నెలకు తీసేవారు. 1995 దాకా అలా సాగి, 1996లో సర్వే జరగక, 1997 నుంచి మార్చికి మారింది. పాత పట్టికలను కొత్తవాటితో కలిపి గ్రాఫు గీసేవారు ఈ మార్పును పట్టించుకోకపోతే, బడులూ పార్కులూ ఉన్న చోట ఏ కారణమూ లేని పెరుగుదలలు, తరుగుదలలు కనిపిస్తాయి. ఒకవేళ మార్చిలో మీ పార్కుల్లో తాత్కాలిక ఉద్యోగులు వారానికి 40 గంటలు పనిచేస్తుంటే, వాళ్లు తాత్కాలికమని పార్ట్‌టైం కింద వేయకండి. ఆ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందన్నది వేరు, వారానికి ఎన్ని గంటలన్నది వేరు. ఫుల్‌టైం, పార్ట్‌టైం అన్న విభజనకు గంటలే ఆధారం, ఆ గంటలు ఎన్ని ఉంటే ఫుల్‌టైం అన్నది మీ నగరమే నిర్ణయిస్తుంది: ఒక చోట 40, మరో చోట 37.5.

పార్ట్‌టైం గంటల గడి గురించి కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేదీ, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. ఊరికే మనుషుల తలలు లెక్కబెడితే, వారానికి నలభై గంటలు పనిచేసేవారూ శనివారం నాలుగు గంటలు వచ్చిపోయేవారూ సమానమైపోతారు. అందుకని సెన్సస్ బ్యూరో పార్ట్‌టైం వాళ్ల గంటలన్నీ కూడి, అదే పనిలో ఫుల్‌టైం ఉద్యోగి చేసే గంటలతో భాగించి, వచ్చినదాన్ని ఫుల్‌టైం సంఖ్యకు కలుపుతుంది. దాన్నే ఎఫ్‌టీఈ (ఫుల్‌టైం ఈక్వివలెంట్, అంటే ఫుల్‌టైంకు సమానమైన సంఖ్య) అంటారు. మీ గ్రంథాలయంలో 6 మంది ఫుల్‌టైం, 11 మంది పార్ట్‌టైం ఉన్నారనుకోండి. ఆ 11 మంది రెండు వారాల్లో కలిపి 440 గంటలు పనిచేశారు. ఫుల్‌టైం ఉద్యోగి ఆ రెండు వారాల్లో 80 గంటలు చేస్తారు. 440ని 80తో భాగిస్తే 5.5, అంటే గ్రంథాలయంలో 17 మంది ఉన్నా ఎఫ్‌టీఈ 11.5. 1986కు ముందు ఇలా గంటలు అడిగేవారు కాదు, పార్ట్‌టైం వాళ్ల వేతనాన్ని ఫుల్‌టైం సగటు వేతనంతో పోల్చి అంచనా కట్టేవారు. ఆ పద్ధతిలో గంటకు తక్కువ డబ్బు పొందే పార్ట్‌టైం మనిషి తన పని కంటే కూడా చిన్నగా కనిపించేవాడు. గంటలు అడగడం మొదలుపెట్టింది ఆ అన్యాయం సరిదిద్దడానికే అని నేను అనుకుంటాను, అందుకే ఆ గడిని అంచనాతో నింపడం నాకు నచ్చదు.

మీ ముందున్నవారి అంకెలతో మీవి కలవకపోవడానికి మొదట చూడవలసిన చోటు కూడా ఇదే. నేను రెండో నగరంలో చేరినప్పుడు నాకూ సరిగ్గా ఇలాగే ఎదురైంది. గ్రంథాలయమూ పార్కులూ కలిపి పార్ట్‌టైం గంటలు నా లెక్కలో పోయినేటికంటే మూడో వంతు తక్కువ వచ్చాయి, మనుషుల సంఖ్య మాత్రం అంతే ఉంది. రెండు రోజులు వెతికి పాత కాగితాలు తీస్తే, ఫైలు చివర పెన్సిలుతో 46 ఇంటూ 40 అని ఒక గుణకారం కనిపించింది. పార్ట్‌టైం వాళ్లంతా వారానికి ఇరవై గంటలు చేస్తారని, రెండు వారాలకు నలభై అని అనుకుని, మనుషుల సంఖ్యతో గుణించి ఏళ్ల తరబడి పంపుతున్నారు. అసలు టైం షీట్లు తీసి కూడితే సగటున వారానికి పద్నాలుగు గంటలు కూడా రాలేదు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు, ఎప్పుడో ఒక ఏడు టైం షీట్లు సమయానికి దొరక్కపోతే వేసిన అంచనా, ఆ తరువాతివాళ్లకు పద్ధతిగా మారింది. నేను సరైన గంటలు పంపి, తగ్గుదల ఎందుకో రాశాను. మీరు కూడా పాత అంకెకు దగ్గరగా ఉండాలని మీ అంకెను జరపకండి. తేడా ఉంటే ఉండనివ్వండి, కారణం మాత్రం రాయండి.

తేడా రావడానికి రెండో కారణం పనుల వర్గీకరణ. ఈ సర్వేలో అన్నింటికంటే ఆలోచన కావలసిన భాగం ఇది. మీ బడ్జెట్ పుస్తకం డిపార్ట్‌మెంట్ల వారీగా ఉంటుంది, సర్వే పట్టిక పనుల వారీగా ఉంటుంది, రెండింటికీ పేర్లు ఒకలాగే ఉండడంతో ఒకటే అనిపిస్తుంది. చిన్న నగరంలో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంటే చూడండి. ఒకే సూపర్‌వైజరు కింద, ఒకే షెడ్డు నుంచి పొద్దున్నే బయలుదేరే ఆ పద్నాలుగు మందిలో, గుంతలు పూడ్చేవారు, మంచు తోసేవారు, వీధి దీపాలు చూసేవారు రోడ్ల కిందికి వస్తారు. వాన నీటి కాలువలు చూసేవారు మురుగునీటి పారుదల కిందికి వస్తారు. మీటర్లు, పైపులు చూసేవారు నీటి సరఫరా కిందికి, చెత్త బండి మీద వెళ్లేవారు ఘనవ్యర్థాల కిందికి వెళతారు. ఆ పద్నాలుగు మందినీ ఒక గడిలో పడేస్తే మీ నగరానికి నీళ్లిచ్చే మనిషే లేడని దేశం చదువుకుంటుంది. ఒకే మనిషి పొద్దున రోడ్డు మీద, మధ్యాహ్నం పైపు దగ్గర ఉంటే, ఎక్కువ సమయం ఎక్కడ గడుపుతాడో అక్కడ ఒక్కసారే లెక్కించండి. అతని వేతనం కూడా అతనితోనే వెళ్లాలి, మనిషి ఒక చోట డబ్బు మరో చోట ఉండకూడదు.

పోలీసు విభాగంలో అరెస్టు చేసే అధికారం ఉన్నవారిని, లేనివారిని విడిగా అడుగుతారు. ఫోను ఎత్తే డిస్పాచర్, రికార్డుల గుమస్తా రెండో వరుసలోకి వెళతారు. ఫైరు విభాగంలో కూడా మంటలార్పే సిబ్బంది ఒక వరుస, మిగిలినవారు ఒక వరుస. అంబులెన్సు ఫైరు విభాగం నడిపితే ఆ సిబ్బంది అక్కడే ఉంటారు, విడిగా నడిస్తే ఆరోగ్యం కిందికి వెళతారు. నేను కౌంటీలో పనిచేసినప్పుడు నన్ను ఎక్కువ కష్టపెట్టింది కౌంటీలో పోలీసు పనీ జైలూ చూసే షెరీఫ్ ఆఫీసు. పే రోల్‌లో అదంతా ఒకే కోడు, కానీ గస్తీ తిరిగే డెప్యూటీలు పోలీసు కిందికి, జైలు చూసే సిబ్బంది కారాగారాల కిందికి రావాలి. హోదా పేరు ఇద్దరికీ డెప్యూటీయే. కంప్యూటరులో ఆ తేడా తెలియలేదు. చివరకు అక్కడి కెప్టెన్ దగ్గర కూర్చుని డ్యూటీ చార్టు ముందు పెట్టుకుని, ఒక్కొక్క పేరు పక్కన గస్తీ, జైలు అని రాసుకుంటూ వెళ్లాము. ఒక పూట పట్టింది. ఆ తరువాత ప్రతి ఏడూ కొత్తగా చేరినవారిని, మారినవారిని మాత్రం అడిగితే చాలేది.

మీ నగరానికి సొంత బడులు లేవు కనుక ఆ భాగం మీకు రాదు, కానీ పక్క ఊళ్లతో పోల్చుకునేటప్పుడు పనికొస్తుందని చెబుతున్నాను. చాలా రాష్ట్రాల్లో బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్టు తనంతట తానే ఒక ప్రభుత్వం, తన ఫారం తానే పంపుతుంది. మేరీలాండ్, నార్త్ కరోలినాల్లో అలా కాదు, అక్కడి బడుల ఉద్యోగులు స్థానిక ప్రభుత్వం లెక్కలోనే ఉంటారు. హవాయిలో ప్రభుత్వ బడులన్నీ రాష్ట్రమే నడుపుతుంది కనుక ఉపాధ్యాయులంతా రాష్ట్రోద్యోగులు. హవాయిలో జనాభాకు రాష్ట్రోద్యోగులు ఎక్కువని ఒక పట్టిక చూసి ఎవరైనా అంటే, దానికి కారణం అక్కడి ప్రభుత్వం దుబారా కాదు, బడులు ఎవరి ఖాతాలో ఉన్నాయన్నదే. ఇలా ఏది ఒక ప్రభుత్వం, ఏది మరో ప్రభుత్వంలో భాగం అన్నది తేల్చడమే పెద్ద పని. 2022 లెక్క ప్రకారం దేశంలో 90,837 స్థానిక ప్రభుత్వాలున్నాయి, వాటిలో కౌంటీలు 3,031, నగరాలూ పట్టణాలూ 19,491, టౌన్‌షిప్పులు 16,214, స్కూల్ డిస్ట్రిక్టులు 12,546. అన్నింటికంటే ఎక్కువగా 39,555 ఉన్నవి నీటికో, అగ్నిమాపకానికో, శ్మశానానికో ఏర్పడిన ప్రత్యేక డిస్ట్రిక్టులు. మీ ఊరి నీటి బోర్డు అలాంటి స్వతంత్ర డిస్ట్రిక్టు అయితే దాని సిబ్బందిని మీరు చూపకూడదు. అది మీ నగరం కిందిదే అయితే తప్పక చూపాలి. పోయినేటి ఫారంలో ఈ ఒక్క నిర్ణయం మారినా మీ మొత్తాలు కలవవు.

ఇక మూడో సందేహం. అవును, జవాబివ్వడం స్వచ్ఛందమే. అమెరికా కోడ్ (కేంద్ర చట్టాల సంకలనం) 13వ టైటిల్‌లోని 161వ సెక్షను 1957లోనూ ఆపై ప్రతి అయిదేళ్లకూ ప్రభుత్వాల సెన్సస్ తీయమంటుంది, 182వ సెక్షను మధ్య సంవత్సరాల్లో సర్వేలకు వీలిస్తుంది. అందుకే 2, 7 అంకెలతో ముగిసే సంవత్సరాల్లో అన్ని ప్రభుత్వాలనూ, మిగిలిన సంవత్సరాల్లో కొన్నింటినే ఎంచుకుని అడుగుతారు. మీరు జవాబివ్వకపోతే మీ గడి ఖాళీగా ఉండదన్న సంగతి చాలామందికి తెలియదు. మీరు గతంలో ఇచ్చిన అంకెలకు మీలాంటి ఇతర ప్రభుత్వాల్లో వచ్చిన మార్పును కలిపి ఒక అంచనా వేసుకుంటారు. పోయినేడాది ఆ నలభై గంటల గుణకారం లాంటిది మీ ఫారంలో ఉండి, ఈ ఏడు మీరు పంపకపోతే, ఆ తప్పే పెరిగి మీ ఊరి పేరు మీద నిలుస్తుంది. శాంపిల్ సంవత్సరాల్లో ఒక చిన్న నగరం తనలాంటి మరికొన్నింటికి కూడా ప్రతినిధిగా ఉంటుంది కనుక ఆ తప్పు మీ ఊరితో ఆగదు. స్థూల దేశీయోత్పత్తి లెక్కలు కట్టే ఆర్థిక విశ్లేషణ బ్యూరో ఈ అంకెలను వాడుకుంటుంది. పోలీసులకు పక్క ఊరి కంటే తక్కువ ఇస్తున్నామా అని మీ కౌన్సిల్ అడిగినప్పుడు మీరు తెరిచేదీ ఈ పట్టికలనే. దేశం మొత్తం మీద రెండు కోట్లకు దగ్గరగా ఉన్న రాష్ట్ర, స్థానిక ప్రభుత్వోద్యోగుల లెక్క ఇలాంటి ఫారాల నుంచే వస్తుంది. ఇవి ప్రజలకు తెరిచిన రికార్డులే కనుక రహస్యమని మీ మేనేజరు అభ్యంతరం చెప్పడానికీ చోటు లేదు. ప్రతి ప్రభుత్వం ఇచ్చిన అంకెలూ విడిగా కూడా ప్రచురిస్తారు. వ్యక్తుల పేర్లు అడగరు.

ఇక్కడికి రాకముందు నేను ఆంధ్రలో ఒక జిల్లా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో ఉండగా, ఉద్యోగ ఖాళీలను ఎక్స్ఛేంజికి తప్పక తెలపాలన్న 1959 చట్టం కింద ప్రభుత్వ కార్యాలయాలు మూడు నెలలకోసారి పంపే ఈఆర్-1 రిటర్నులు చూసేవాడిని. అందులో ఎంతమంది పనిచేస్తున్నారన్నది అడిగేవారు కానీ జీతం అడిగేవారు కాదు. మూడు త్రైమాసికాలు ఒకే సంఖ్య వస్తే ఆ ఆఫీసుకు ఫోను చేసి, నిజంగా ఎవరూ చేరలేదా, రిటైర్ కాలేదా అని అడగడం అక్కడ నేర్చుకున్నాను. ఇక్కడ సెన్సస్ బ్యూరోలో మీ ఫారం చూసేవారు కూడా అదే పని చేస్తారు: పోయినేటితో పోలిస్తే ఎక్కువ తేడా ఉన్నా, గంటలకూ డబ్బుకూ పొంతన లేకపోయినా మీకు ఫోనో మెయిలో వస్తుంది. అది తప్పు పట్టడం కాదు.

కనుక ఈసారి ఫారం నింపుతూనే ఒక పట్టిక తయారు చేసుకోండి. ఎడమ వైపు మీ పే రోల్‌లోని ప్రతి డిపార్ట్‌మెంట్ కోడు, కుడి వైపు సర్వేలో అది వెళ్లిన పని, రెండుగా చీల్చిన చోట ఎవరిని అడిగి చీల్చారో వారి హోదా. దాని కింద తీసుకున్న పే పీరియడ్ మొదలు, చివర తేదీలు, పార్ట్‌టైం గంటలు ఏ రిపోర్టు నుంచి వచ్చాయో, 941 సంఖ్యతో సరిచూశారా లేదా అన్నది. పంపిన ఫారం నకలుతో కలిపి, మీ తరువాత ఆ కుర్చీలోకి వచ్చేవారికి వెతక్కుండా దొరికే చోట పెట్టండి. మొదటి ఏడు రెండు రోజులు పడుతుంది. ఆ పట్టిక ఉంటే వచ్చే మార్చికి సగం రోజు చాలు. షెరీఫ్ ఆఫీసు లాంటి చిక్కు మీ నగరంలో ఏ డిపార్ట్‌మెంట్‌లో వచ్చిందో రాయండి, దాన్ని ఎలా చీల్చాలో కలిసి చూద్దాం.